అడిగింది డీజిల్‌పై, ఇచ్చింది పెట్రోలుపై

2021 డిసెంబరు 21న జార్ఖండ్‌లో పెట్రోలు బంకులు మూతపడ్డాయి. డీజిల్‌పై 22 శాతం ఉన్న వ్యాట్‌ను 17 శాతానికి దించాలన్నది డీలర్ల డిమాండు. పక్క రాష్ట్రాల్లో చవకగా దొరుకుతుంటే లారీలు ఇక్కడెందుకు ఆగుతాయన్నది వారి గోడు. జంషెడ్‌పూర్‌లో ఉక్కు లోడెత్తుకున్న లారీకి బహరాగోడా దాటితే ఒకపక్క బెంగాల్, మరోపక్క ఒడిశా. దారిలో ట్యాంకు ఎక్కడ నింపాలో డ్రైవరుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎనిమిది రోజులకు ముఖ్యమంత్రి హేమంత్ సోరెన్ ఒక రాయితీ ప్రకటించారు. రేషన్ కార్డున్నవారి ద్విచక్ర వాహనాలకు లీటరు పెట్రోలుపై 25 రూపాయలు, నెలకు 10 లీటర్ల వరకు, 2022 జనవరి 26 నుంచి బ్యాంకు ఖాతాలోకి. వ్యాట్ జోలికి మాత్రం పోలేదు. పేద ఇంటికి నెలకు 250 రూపాయలు తక్కువేం కాదు. కానీ బండి సొంత పేరున, జార్ఖండ్ రిజిస్ట్రేషన్‌తో ఉండాలి. డీజిల్ ఆటో నడిపేవాడికి దక్కేది సున్నా.

అసలు మెలిక పన్ను లెక్కలోనే ఉంది. పెట్రోలుపై వ్యాట్ 22 శాతం లేదా లీటరుకు 17 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. పైన రూపాయి సెస్సు. వ్యాట్‌కు ముందు ధర 90 రూపాయలుంటే పన్ను 19.80. అదే 70కి పడితే 15.40 కావాలి, కానీ వసూలు చేసేది 17. ధర పెరిగితే పన్నూ పెరుగుతుంది, తగ్గితే ఒక మెట్టు దగ్గర ఆగిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం మీద మరో నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు రూపాయి. తెలంగాణలో 35.2 శాతం. కాబట్టి మనం జార్ఖండ్‌ను వేలెత్తి చూపలేం.

రాష్ట్రాలు పట్టు వదలకపోవడానికి కారణం ఢిల్లీలో ఉంది. 2022 మే తగ్గింపు తర్వాత పెట్రోలుపై కేంద్ర సుంకం 19.90 రూపాయలు. అందులో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన మూల సుంకం 1.40 మాత్రమే. మిగతాదంతా సెస్సులు, ప్రత్యేక సుంకాలు. ఆ 1.40లో 41 శాతమంటే 57 పైసలు, అదీ రాష్ట్రాలన్నిటికీ కలిపి. 2025 ఏప్రిల్‌లో కేంద్రం పెంచిన రెండు రూపాయలు కూడా పంచనక్కర్లేని ఖాతాలోకే వెళ్లాయి.