కాచినా పోనివి కొన్ని ఉన్నవి

“నీళ్ళు కాచి తాగుతున్నాము, రాగి బిందెలో నిలువ ఉంచుతున్నాము. ఇంకా పరీక్షలెందుకు?” అని మా తనకల్లులో చాలామంది గృహస్థులు అడుగుతుంటారు. రెండూ మంచి అలవాట్లే. కాని అవి చేసే పని వేరు.

కలుషిత జలాన్ని తేర్చడానికి సుశ్రుతుడు చిల్లగింజ, గోమేదికం, వస్త్రం మొదలైన ఏడు సాధనాలు చెప్పాడు. చిల్లగింజ గంధం కలిపితే మట్టి అడుగుకు దిగుతుంది. కాచితే క్రిములు నశిస్తాయి. రాగిపాత్ర కూడా కొన్ని క్రిములను అణచగలదు. నీటిలో కరిగిన సీసం, ఆర్సెనిక్, ఫ్లోరైడు మాత్రం వీటిలో దేనికీ లొంగవు. కంటికీ నాలుకకూ తెలియవు. సీసం ఎటువంటిదో రసశాస్త్రం చదివిన నావంటివానికి ఒకరు చెప్పనక్కరలేదు.

వైద్యునిగా నన్ను ఎక్కువ కలవరపెట్టేది కషాయం. ద్రవ్యానికి పదహారు రెట్లు నీరు పోసి, ఎనిమిదవ వంతు మిగిలేదాకా మరిగించమంటాము. ఆవిరయ్యేది నీరే కదా! ఏడు వంతుల నీరు పోయినా, అందులోని లోహం చాలామట్టుకు మిగిలిన ఆ ఒక్క వంతులోనే చేరుతుంది. ఆ మందును పసిబిడ్డకు ఉగ్గుగిన్నెతో పోస్తున్నాము. అందువల్ల కషాయం కాచే ప్రతి వైద్యుడూ తన నీటి పరీక్షాఫలితాన్ని దగ్గర ఉంచుకొనవలెనని నా అభిప్రాయం.

పూర్వపు అనంతపురం జిల్లాలో ఏటా సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లే. బోరు లోతుకు పోయినకొద్దీ, రాతిపొరల్లో ఏళ్ళ తరబడి నిలిచి ఫ్లోరైడును కరిగించుకున్న నీరు పైకి వస్తుంది. ఫ్లోరైడు లోహం కాదు, అయినా ఇక్కడ మొదట అడగవలసినది అదే. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీటి ఆధారం లేనప్పుడు 1.5 దాటరాదు. సీసానికి హద్దు 0.01 మాత్రమే. అది సాధారణంగా పాత ఇత్తడి కుళాయిలు, అతుకులు, కొన్నిరకాల ప్లాస్టిక్ గొట్టాల నుండి దిగుతుంది.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో ఆసుపత్రి చేరారు. ఢిల్లీ ఎయిమ్స్ వారు రోగుల రక్తంలో సీసం, నికెల్ కనుగొన్నారు. మరికొందరు నిపుణులు పురుగుమందులను అనుమానించారు. కారణమేదైనా, జనం పడిపోయిన తరువాత వెదకవలసి రావడమే నా బాధ.

గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో విచారించండి. ఊళ్ళో వాడే చిన్న పరీక్ష పెట్టె ఫ్లోరైడును చూపుతుంది గాని సీసాన్ని పట్టదు. కనుక సీసం, ఆర్సెనిక్ పేర్లు చెప్పి, అక్కడ చూడలేకపోతే ఎక్కడికి పంపాలో అడగాలి. సీసాలు వారివద్దే తీసుకొని, తెల్లవారి కుళాయి తిప్పగానే ఒకటి, కొంతసేపు నీరు పారిన తరువాత మరొకటి పట్టండి. మొదటిదానిలోనే సీసం ఎక్కువైతే దోషం మీ ఇంటి గొట్టాలదే కావచ్చు. వాటిని మార్చేవరకు ఆ తొలినీటిని బకెట్టులో పట్టి నేల కడగండి (ఈ కరవుసీమలో పారబోయమనడానికి నాకు నోరు రాదు). రెండింటిలోనూ ఎక్కువైతే అది వీధివారందరి సమస్య. అందరూ సంతకాలు చేసి, ఆ కాగితం జతపరచి పంచాయతీకి ఇవ్వాలి.