వల కోసే కత్తి ఒక్కటే చాలదు
విశాఖ తీరంలో సముద్రం అడుగున చిక్కుకున్న పాత వలలను డైవర్లు కోసి పైకి తెస్తున్నారు. మెచ్చుకోవాల్సిన పనే. కానీ తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. మెడకో ముందుకాలికో నైలాన్ దారం బిగిస్తే, పైకి రాలేక, డైవర్ వచ్చేలోపే ఊపిరాడక చస్తుంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి వచ్చేది ఎక్కువగా జనవరి–మార్చి నెలల్లో. చేపల వేట నిషేధం మొదలయ్యేదేమో ఏప్రిల్ 15న! ఇదేం లెక్కో అధికారులే చెప్పాలి.

మరబోట్లు లాగే ట్రాల్ వలల్లోనూ తాబేళ్లు చిక్కుతాయి. ఆ వలకు తాబేలు తప్పించుకునే చట్రం బిగిస్తే చేపలూ జారిపోతాయన్నది మత్స్యకారుల భయం. కొంత నిజమే. అయితే ఆ చట్రాలు లేవనే కదా, అమెరికా 2019లో మన సముద్రపు రొయ్యల దిగుమతిని ఆపేసింది! జారిపోయే చేపల నష్టం కంటే ఆ దెబ్బ పెద్దది. ప్రభుత్వం చట్రాలు ఉచితంగా ఇవ్వాలి, పాత వలలు కొనాలి, తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు రాకూడదన్న నిబంధనను గుడ్ల కాలంలోనైనా గట్టిగా అమలు చేయాలి.