చెక్క నేల సరే... కింద నిమ్ము సంగతేంటి?

‘నిమ్ము’ అన్న మాటను మనం రెండు చోట్ల వాడతాం. గోడకు నిమ్ము పట్టిందంటాం. బిడ్డకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందనీ అంటాం. వైద్యపరంగా ఈ రెండూ ఒకటి కావు. ఊపిరితిత్తుల్లో నిమ్ము అని మనం పిలిచేది చాలాసార్లు న్యుమోనియా. అది సూక్ష్మక్రిముల వల్ల వస్తుంది. అయినా ఇంటి చెమ్మకూ ఛాతీ జబ్బులకూ ఏదో లంకె ఉందన్న మన పెద్దల అనుమానం వట్టిది కాదు. ఇళ్లలోని చెమ్మ, బూజు గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు విడుదల చేసింది. అలాంటి ఇళ్లలో ఉండేవారికి దగ్గు, పిల్లికూతలు, అలర్జీలు, ఆస్తమా ముప్పు ఎక్కువని అందులో స్పష్టంగా చెప్పింది.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మన ఇళ్లకు కొత్తగా చెక్క నేల ముచ్చట వచ్చింది. ఒకప్పుడు హైదరాబాద్, విజయవాడ ఫ్లాట్లకే పరిమితమైన లామినేట్ ఫ్లోరింగ్ ఇప్పుడు మా తిరువూరు లాంటి చిన్న పట్టణాల ఇళ్లకూ చేరుతోంది. అమెరికాలో అబ్బాయి ఇల్లు చూసి వచ్చిన తల్లిదండ్రులు కనీసం పడకగదికైనా వేయించుకోవాలనుకుంటారు. అందులో తప్పేమీ లేదు. రంగు అడుగుతారు, డిజైన్ అడుగుతారు, గ్యారంటీ ఎన్నేళ్లో అడుగుతారు. ఆ పలకల కింద ఏం పరుస్తున్నారని మాత్రం అడగరు. ఆరోగ్యం కోణంలో చూస్తే పైన కనిపించే చెక్క కన్నా కింద కనిపించని పొరే ముఖ్యమని నా అభిప్రాయం. ఆ సంగతి తేల్చుకోలేకపోతే చెక్క నేల జోలికి వెళ్లకపోవడమే మేలు.

కింద ఏం జరుగుతుంది?

లామినేట్ అంటే అచ్చమైన చెక్క కాదు. చెక్క పీచును జిగురుతో కలిపి గట్టిగా అదిమి చేసిన పలక అది. దాని మీద చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం, ఆపైన గట్టి పారదర్శక పొర ఉంటాయి. ఈ పలకలను నేలకు మేకులతో కొట్టరు. ఒకదాన్నొకటి పట్టుకునేలా లాక్ చేసి పరుస్తారు. నేలకూ పలకలకూ మధ్య వేసే మెత్తటి పొరే అండర్‌లే. మన దగ్గర ఎక్కువగా 2 నుంచి 3 మిల్లీమీటర్ల మందం ఫోమ్ షీట్ వాడతారు. నేలలోని చిన్న చిన్న ఎగుడుదిగుళ్లను సర్దడం, అడుగుల చప్పుడు తగ్గించడం దాని పనులు. కింద నుంచి వచ్చే చెమ్మను ఆపడం అన్నిటికన్నా పెద్ద పని. మామూలు ఫోమ్ మొదటి రెండు పనులూ బాగానే చేస్తుంది. మూడో పనికి మాత్రం దాన్ని నమ్ముకోకూడదు. అతుకుల దగ్గర దారి తెరిచే ఉంటుంది.

సిమెంటు నేల చూడటానికి పొడిగానే ఉంటుంది. కానీ భూమిలోని తడిని పీల్చి, ఆవిరిగా పైకి వదులుతూనే ఉంటుంది. పాత గచ్చు మీద, కడప బండల మీద ఆ ఆవిరి సందుల్లోంచి గాల్లో కలిసిపోతుంది. మనకు తెలియను కూడా తెలియదు. దాని మీద పలకలు పరిచామంటే ఆ దారి మూసుకుపోతుంది. తడి కిందే చిక్కుకుంటుంది. చీకటి, వెచ్చదనం, దుమ్ము, చెక్క పీచు అన్నీ అక్కడే ఉన్నాయి. బూజు పెరగడానికి ఇంకేం కావాలి? బూజు అంటే ఇంటి మూలల్లో దులిపే సాలెగూడు కాదు, నిల్వ రొట్టె మీద కనిపించే ఫంగస్.

అమెరికాలో బాగానే ఉందిగా అని అడగొచ్చు. అక్కడి కొత్త ఇళ్లలో కాంక్రీటు కిందే ప్లాస్టిక్ పొర వేయడం మామూలు. ఇంట్లో గాలి తేమ కూడా చాలావరకు ఏసీ అదుపులో ఉంటుంది. మన ఇళ్లలో కాంక్రీటు బెడ్డు కింద ఇసుకో మట్టో ఉంటుంది. వానాకాలంలో కూడా కిటికీలు తెరిచే ఉంటాయి. పైగా శుక్రవారాలు, పండగల ముందు బకెట్లతో నీళ్లు పోసి ఇల్లు కడిగే అలవాటు మనది. అక్కడ సరిపోయిన నేల ఇక్కడ అలాగే సరిపోతుందనుకోవడం పొరపాటు.

ఎవరికి ముప్పు?

బూజు నుంచి కంటికి కనిపించని రేణువులు గాల్లోకి లేస్తాయి. చెమ్మ ఎక్కువైతే దుమ్ములో ఉండే సూక్ష్మ పురుగులు, అంటే డస్ట్‌మైట్స్ కూడా పెరుగుతాయి. పొద్దున్నే వరస తుమ్ములు, ముక్కు కారడం, రాత్రిపూట పిల్లికూతలు, ఊరెళ్తే తగ్గి ఇంటికి రాగానే మొదలయ్యే దగ్గు ఉంటే ఇంటిని అనుమానించాలి. అందరికీ ఇలా అవ్వాలని లేదు. ఆస్తమా ఉన్నవారు, పసిపిల్లలు, పొగ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న పెద్దవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడేవారు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. వానాకాలంలో ఓపీకి పిల్లికూతలతో వచ్చినవారిని మేం మందుల గురించే కాదు, ఇంటి గురించీ అడగాలి. ఇన్‌హేలర్ వాడుతున్నా రాత్రంతా అదే గది గాలి పీలుస్తుంటే జబ్బు అదుపులోకి రావడం కష్టం. అలాగని ప్రతి దగ్గునూ నేల మీదకు నెట్టకండి. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించాల్సిందే.

రెండో సంగతి జిగురు. ఈ పలకల తయారీకి వాడే చాలా జిగుర్ల నుంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వెలువడుతుంది. కళ్ల మంట, గొంతు గరగర దాని వల్ల రావచ్చు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. చైనాలో తయారైన కొన్ని లామినేట్ పలకల్లో ఇది పరిమితికి మించి ఉందని 2015లో ‘60 మినిట్స్’ టీవీ కార్యక్రమం బయటపెట్టడంతో అమెరికాలో పెద్ద దుమారం రేగింది. లంబర్ లిక్విడేటర్స్ అనే సంస్థ ఆ పలకల అమ్మకం ఆపేయాల్సి వచ్చింది. వేడి, తేమ పెరిగితే ఈ వాయువు మరింతగా వెలువడుతుంది. మన వేసవి, మన వానాకాలం గుర్తు తెచ్చుకోండి. పెట్టె మీద ‘ఈ1’ లేదా అంతకన్నా తక్కువ ఉద్గారాల గుర్తు ఉందో లేదో చూసి కొనండి. అండర్‌లేను, పలకలను జిగురుతో అంటిస్తామంటే ఆ జిగురు గురించి కూడా అడగండి.

మూడోది, కింద పడటం. తడికి ఉబ్బిన పలకల అంచులు పైకి లేస్తాయి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి, చూపు మందగించినవారికి ఆ చిన్న అంచు చాలు. మరీ మెత్తటి అండర్‌లే వేసినా, రెండు పొరలు వేసినా అడుగు కింద నేల కుంగి లాకులు విరుగుతాయి. ప్రపంచవ్యాప్తంగా ఏటా దాదాపు 6,84,000 మంది పడిపోవడం వల్లే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తుంటి ఎముక విరిగిన పెద్దాయన మళ్లీ తన పనులు తాను చేసుకోగలగడం ఎంత కష్టమో ఆ ఇంటివాళ్లకే తెలుసు.

వేయించే ముందు

చెక్క నేల వద్దని నేననడం లేదు. ముందు నేలను పరీక్షించమంటున్నాను. దానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. అడుగున్నర చదరం పాలిథీన్ షీటును నేల మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించండి. ఒక రోజంతా అలాగే ఉంచి ఎత్తి చూడండి. షీటు లోపలి వైపు నీటి చుక్కలున్నా, నేల రంగు ముదిరినా కింద చెమ్మ ఉన్నట్టే. గదిలో రెండు మూడు చోట్ల, వీలైతే వానాకాలంలో చేయండి. వేసవిలో పొడిగా కనిపించిన నేలను పూర్తిగా నమ్మలేం. కొత్త కాంక్రీటు అయితే అంగుళం మందానికి దాదాపు నెల చొప్పున ఆరనివ్వాలన్నది పాత లెక్క. గృహప్రవేశం ముహూర్తం కోసం తొందరపడితే ఆ తడి అంతా పలకల కిందే ఉండిపోతుంది.

పరీక్షలో నేల పొడిగా తేలితే కింది జాగ్రత్తలు తీసుకోండి.

సిమెంటు మీద ముందుగా 200 మైక్రాన్ల పాలిథీన్ షీటు పరిపించండి, లేదా ఆ పొరతో కలిసి వచ్చే అండర్‌లే తీసుకోండి. షీట్లు ఒకదాని మీదకు ఒకటి 20 సెంటీమీటర్లు ఎక్కాలి. అతుకులకు టేపు వేయాలి. గోడల దగ్గర షీటును కాస్త పైకి మడిచి స్కర్టింగ్ వెనక్కి పోనివ్వాలి.

పలకల వెనుక ఫోమ్ అంటించే వస్తే దాని కింద మళ్లీ ఫోమ్ వేయనివ్వకండి. పాలిథీన్ షీటు మాత్రం వేయొచ్చు. పాత కార్పెట్ మీద పలకలు అస్సలు పరచకూడదు.

గోడ పొడవునా 8 నుంచి 10 మిల్లీమీటర్ల సందు వదలాలి. పలకలు తేమకు వ్యాకోచిస్తాయి. సందు లేకపోతే మధ్యలో ఉబ్బుతాయి. పెట్టెలను రెండు రోజుల ముందే ఆ గదిలో ఉంచాలి.

చెదల మందు పని ముందే పూర్తి చేయించండి. బాత్రూం గోడ లీకు ఉంటే ముందు అది ఆపించాలి. ఆ తర్వాతే పక్క గదిలో చెక్క గురించి ఆలోచించండి.

పరీక్షలో చెమ్మ తేలిందా? అయితే కింది అంతస్తులో చెక్క మానేయండి. గరుకు ఉపరితలం ఉన్న టైల్సో, బండలో వేయించండి. తుడిస్తే శుభ్రమవుతాయి, తడిస్తే ఆరతాయి.

నేల చల్లగా ఉంటే మోకాళ్లు పట్టేస్తున్నాయి, చెక్క అయితే వెచ్చగా ఉంటుందని కొందరు అంటారు. చలికాలంలో పాదాలకు హాయిగా ఉంటుంది, నిజమే. కానీ చెక్క నేల కీళ్లనొప్పులను తగ్గించదు. బరువు తగ్గడం, తొడ కండరాలకు వ్యాయామం అంతకన్నా మేలు చేస్తాయి. ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకున్నా పాదాలకు ఆ వెచ్చదనం దొరుకుతుంది.

వరద నీరు చేరితే

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాల ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మన ఎన్టీఆర్ జిల్లాలో ఆ రోజులను ఎవరూ మరిచిపోలేరు. అలా నీరు చేరిన ఇంట్లో టైల్స్ నేలను కడిగి ఆరబెట్టుకోవచ్చు. లామినేట్ కింద నిలిచిన నీటిని పైనుంచి ఫ్యాన్ పెట్టి ఆరబెట్టలేం. తడిసిన వస్తువును 24 నుంచి 48 గంటల్లోగా ఆరబెట్టలేకపోతే బూజు మొదలవుతుంది. కాబట్టి పలకలు, ఫోమ్ రెండూ తీసి పారేయాల్సిందే. తీసేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకోండి. ఆస్తమా ఉన్నవారిని, పిల్లలను ఆ గదికి దూరంగా ఉంచండి. బ్లీచింగ్‌తో యాసిడ్ కలపొద్దు, విషవాయువు వస్తుంది. వరద రాకున్నా గదిలో ముక్కిన వాసన వస్తుంటే అగరుబత్తితో కప్పిపుచ్చకండి. మూలన ఒక పలక తీయించి కింద చూడండి.

మొత్తం ఖర్చులో పాలిథీన్ షీటుకయ్యేది చాలా చిన్న మొత్తం. పని ముగిశాక కనిపించదు కాబట్టి ముందుగా కోత పడేదీ దానికే. అందుకే కొటేషన్‌లో పలకల బ్రాండుతో పాటు షీటు మందం, అండర్‌లే రకం కూడా రాయించుకోండి. చెమ్మ పరీక్ష చేయకుండా పని మొదలుపెట్టబోమని చెప్పే కాంట్రాక్టర్లు పెరగాలి. అది మన అడగడంతోనే మొదలవుతుంది. పలకలు పరిచే రోజు ఇంట్లో ఒకరు దగ్గరుండి, అతుకులకు టేపు పడిందో లేదో చూసి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. పైన చెక్క పడ్డాక చూడాలన్నా కుదరదు.