గుండును చూసి నవ్వే విశ్వాసులకు

కొండకు వెళ్లి గుండుతో తిరిగొచ్చిన పొరుగువారిని ప్రసంగాల్లో ఎగతాళి చేయడం మనలో కొందరికి అలవాటైంది. నాకది నచ్చదు. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలిచ్చిన స్త్రీ, మళ్లీ జుట్టు పెరిగేదాకా ఊరందరి కళ్లముందు అలాగే తిరుగుతుంది. మూడు కత్తెరలిచ్చినవారు కూడా ఏదో ఒకటి ఇచ్చారు.

పైగా మనం వాక్యం చదవకుండా నవ్వుతున్నాం. నాజీరు తన దినాలు ముగిశాక తల క్షౌరం చేయించుకొని, ఆ వెంట్రుకలను సమాధానబలి క్రిందనున్న అగ్నిలో వేయాలి (సంఖ్యా. 6:18). మ్రొక్కుబడి ఉండి కెంక్రేయలో జుట్టు కత్తిరించుకున్నట్లు అపొ.కార్యములు 18:18లో ఉంది.

అలాగని గుండు మొక్కును నేను సమర్థించడం లేదు. కోరిక తీరితే ఇస్తాననేది బేరం. మన కోసం ఇవ్వవలసినది సిలువమీద ఒక్కసారే ఇవ్వబడింది, ఇక వెల కట్టి కొనేది ఏమీ మిగల్లేదు. మరి కొడుక్కి వీసా వస్తే ఇంత ఇస్తానని కానుక కవరు మీద రాసేది ఎవరు? అదీ బేరమే కదా! గట్టు తగాదాతో సొంత అన్నతో మాటలు మానేసి, ఆదివారం బల్ల దగ్గర చేయి చాపేది ఎవరు? మత్తయి 5:23, 24 తీసి చదవండి. కానుక అక్కడే పెట్టి, ముందు అన్న ఇంటికి వెళ్లండి.