నీరు జిల్లాది, పైపులైను నగరానిది

సంగారెడ్డి ప్రాంతంలో భూమి కింద రెండు రకాల పైపులైన్లు సాగిపోతున్నాయి. ఒకటి మంజీర మంచినీటిని హైదరాబాదుకు తీసుకుపోవటానికి వేసినది. రెండవది పటాన్‌చెరు కర్మాగారాల మురుగునీటిని అంబర్‌పేటకు పంపటానికి వేసినది. మంచినీళ్లు పోయేదీ ఇక్కడి నుంచే, మురుగు పుట్టేదీ ఇక్కడే. భూమిలో పూడ్చిన పైపు కంటికి కనపడదు గనుక దాని లెక్క అడిగేవారు తక్కువ. ఆ లెక్క అడగటం మన గ్రామాల హక్కు.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీరు నగరానికి చాలనప్పుడు పాలకుల చూపు మంజీర మీద పడింది. సంగారెడ్డి దగ్గరి మంజీర బ్యారేజి నుంచి 1965లో మొదటి దశ, 1981లో రెండవ దశ నీరు తరలింది. ఆపైన సింగూరు నుంచి 1991లో మూడవ దశ, 1993లో నాలుగవ దశ వచ్చాయి. దాదాపు 30 టి.ఎం.సి.ల సింగూరు జలాశయం కింద ఊళ్లు, సాగుభూములు మునిగాయి. దాహంతో ఉన్నవారికి నీళ్లివ్వవద్దని ఏ రైతూ అనడు. కాని ఇచ్చినవాడి కుండ ఖాళీ అయితే అడిగే దిక్కెవరన్నదే ప్రశ్న.

దిగువన 1905 నాటి ఘన్‌పూర్ ఆనకట్ట ఉంది. దాని మహబూబ్ నహర్, ఫతే నహర్ కాలువల కింద వరి పండించే రైతులు, సింగూరు గేట్లు ఎత్తుతారా లేదా అని ఎదురు చూడవలసి వస్తున్నది. ఆ కింద నిజాంసాగర్ ఉంది. సింగూరుకు, మంజీర బ్యారేజికి నడుమ నదిని 1978లో వన్యప్రాణుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. అక్కడి మొసళ్లకు, నీటి పక్షులకు ఆ మడుగులే ఇల్లు. 2015-16 కరువులో సింగూరు, మంజీర రెండూ ఎండిపోయాయి. నగరానికి కృష్ణా, గోదావరి నీళ్లు ఆదుకున్నాయి. ఘన్‌పూర్ రైతుకు మాత్రం మరో మంజీర లేదు.

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. అమెరికాలో లాస్ ఏంజిల్స్ నగరం 1913లో ఎడారి మీదుగా వందల కిలోమీటర్ల కాలువ కట్టి ఓవెన్స్ లోయ నీటిని తెచ్చుకున్నది. పదమూడేళ్లకల్లా అక్కడి పెద్ద సరస్సు ఎండిపోయింది. దాని అడుగున మిగిలిన ఉప్పు దుమ్ము గాలికి లేచి చుట్టుపక్కల వారి ఊపిరితిత్తులలో చేరింది. ఆ దుమ్మును అణచటానికి అదే నగరం ఇప్పుడు కోట్లాది డాలర్లు ఖర్చు చేస్తున్నది. నీరు తీసుకోవటం తేలికే, తీసుకున్నచోట మిగిలేదానిని సరిదిద్దటమే కష్టం.

ఇక రెండవ పైపు కథ. 1970వ దశకంలో పటాన్‌చెరులో పారిశ్రామికవాడ వెలిసింది. మందులు, రసాయనాల ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో, ఇస్నాపూర్, గండిగూడెం, ఖాజీపల్లి వంటి చెరువులలో చేరాయి. బావులు చెడ్డాయి, పైర్లు మాడాయి, పశువులు ఒట్టిపోయాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టు ఆదేశాలతో రైతులకు నష్టపరిహారం, గ్రామాలకు మంచినీరు అందించవలసి వచ్చింది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. అయినా ఆ కేంద్రం వదిలిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్టు 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. ఇలాంటి నీటిలో మందులకు లొంగని సూక్ష్మక్రిములు పెరుగుతాయి. రేపు మన బిడ్డకు జ్వరమొస్తే మందు పనిచేయని ప్రమాదం అందులోనే ఉంది.

దానికి విరుగుడుగా ఈ మురుగును నగర మురుగులో కలిపి అంబర్‌పేటకు పంపటానికి 18 కిలోమీటర్ల పైపు వేశారు. నక్కవాగు గ్రామాలకు కొంత ఊరట కలిగిన మాట నిజమే. కాని పైపు మురుగును కడగదు, చోటు మారుస్తుంది. ఇళ్ల మురుగు కోసం కట్టిన కేంద్రం మందుల అవశేషాలను, కరిగిన లవణాలను పూర్తిగా తీయలేదు. మిగిలినది మూసీలో కలుస్తుంది. ఆ నీటితో వరి, పశుగ్రాసం పండించే దిగువ రైతులు కూడా మనవాళ్లే. మన కష్టం వారి నెత్తిన వేయటం పరిష్కారం కాదు. పైగా పాత చెరువుల అడుగున పేరుకున్న విషపు బురద పైపు వేసినంత మాత్రాన కదలలేదు.

కనుక కొన్ని పనులు జరగాలి. వ్యర్థాలను ఫ్యాక్టరీ గేటు లోపలే శుద్ధి చేయించాలి. చెరువులు, బోర్ల నీటిని క్రమంగా పరీక్షించి ఫలితాలను గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. చెరువుల బురదను తీసే ఖర్చును చెడగొట్టినవారే భరించాలి. సింగూరులో ఎంత నీరుంది, ఎవరికెంత వదిలారు అన్నది పంచాయతీ బోర్డు మీద రాయాలి. ఎండాకాలంలోనూ నదికి కొంత ప్రవాహం వదలాలి. కొత్త పైపు కోసం కందకం తవ్వితే, చెరువులకు నీరు వచ్చే కాలువలను మళ్లీ ఎప్పటిలా కట్టి ఇచ్చాకే కాంట్రాక్టరుకు బిల్లు చెల్లించాలి.

ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. నగరానికి నీరిచ్చిన జిల్లా దానం అడగటం లేదు, లెక్క అడుగుతున్నది. ఆ లెక్క చెప్పవలసిన బాధ్యత అధికారులదైతే, గ్రామసభకు వెళ్లి అడగవలసిన బాధ్యత మనది.