ఉర్దూ రాకపోతే ముసల్మాను కాడా?

పాతికేళ్ళ కిందటి మాట. కోస్తాలోని ఒక చిన్న పట్టణంలో, మసీదు ఆవరణలో సాయంత్రం పూట పిల్లలకు ఖుర్ఆన్ చదవడం, ఉర్దూ రాయడం నేర్పుతుండేవాణ్ణి. మదర్సా చదువు ముగించుకుని వచ్చిన కొత్త. ఒకరోజు పరుపులు కుట్టే పని చేసుకునే ఒక పెద్దాయన తన కొడుకును చేర్పించడానికి తీసుకొచ్చారు. నేను ఉర్దూలో కుర్రవాడి పేరు, వయసు అడిగాను. ఆయన తెలుగులో జవాబు చెప్పారు, మాట మాటకూ 'అండి' చేర్చి. మళ్ళీ ఉర్దూలోనే అడిగాను. ఆయన మళ్ళీ తెలుగులోనే చెప్పారు. అప్పుడు నలుగురూ వినేట్టుగా, "ముసల్మాను ఇంట పుట్టి ఉర్దూ రాకపోవడమేమిటి?" అన్నాను. వజూ చేసుకుంటున్నవాళ్ళు నవ్వారు. ఆయన ఏమీ అనలేదు. "వెళ్ళొస్తానండీ, అస్సలాము అలైకుమ్" అని కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయారు. కుర్రవాడు మరునాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ఉర్దూ నేర్చుకోవడానికి వచ్చిన పిల్లవాణ్ణి, ఉర్దూ రాదన్న కారణంతో నేనే వెళ్ళగొట్టానని నాకు తోచడానికి చాలా రోజులు పట్టింది.

నూర్‌బాషా, దూదేకుల, లద్దాఫ్, పింజారీ అనే పేర్లతో పిలవబడే మన సోదరులు తెలుగు నేలపై పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారిలో చాలామందికి ఇంటి భాష తెలుగే. నమాజు చేస్తారు, రోజాలు ఉంటారు, జకాత్ ఇస్తారు. అయినా పెళ్ళి సంబంధాల దగ్గర, మసీదు కమిటీల దగ్గర వారిని ఒక మెట్టు కింద నిలబెట్టే అలవాటు మనలో ఉంది. ఎదుటివారి కులాన్నీ వృత్తినీ ఎత్తిపొడుపుగా వాడేవారు, అది సరదాకే అంటారు. విశ్వాసులు ఒకరినొకరు ఎగతాళి చేసుకోరాదనీ, ఎగతాళికి గురైనవారే మేలైనవారు కావచ్చుననీ, చెడ్డ పేర్లతో పిలుచుకోరాదనీ దివ్య ఖుర్ఆన్ (49:11) స్పష్టంగా హెచ్చరించింది. సరదాకైతే ఫర్వాలేదన్న మినహాయింపు నాకు ఆ ఆయతులో కనబడలేదు.

ఈ సందర్భంలో హజ్రత్ అబూజర్ (రజి) ఉదంతం ప్రతి ఇంట్లోనూ చెప్పుకోదగినది. సహీహ్ బుఖారీలో ఉంది. ఆయన ఒకసారి ఒక వ్యక్తితో మాటా మాటా పెరిగి, అతని తల్లిని ప్రస్తావించి కించపరిచారు. ఆ తల్లి అజమీ, అంటే అరబ్బు కాని స్త్రీ. అరబ్బులు 'అజమీ' అన్నది తమ భాష సరిగా పలకలేనివారిని ఉద్దేశించి పుట్టించిన మాట. సంగతి మహాప్రవక్త (సల్లం) దాకా వెళ్ళింది. అబూజర్‌లో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలే ఉందని ఆయన మందలించారు. అబూజర్ ఎవరు? ఇస్లాం స్వీకరించిన తొలితరం వారిలో ఒకరు. అంతటివారికే ఆ మాట తప్పలేదు. తర్వాతి కాలంలో ఆయన తాను తొడిగిన బట్టల వంటివే తన సేవకుడికీ తొడిగించడం చూసి ఒకరు కారణం అడిగితే, ఆయన చెప్పింది ఈ ఉదంతమే. మందలింపు ఆయన ఒంటిమీద బట్టలాగా ఉండిపోయింది.

(హజ్రత్ బిలాల్ (రజి) అజాన్‌లో 'షీన్' అక్షరం పలకలేకపోయేవారని మన బయానుల్లో ఒక కథ తరచూ చెబుతారు. దానికి ఆధారం లేదని హదీసు పండితులు తేల్చారు. ఉద్దేశం మంచిదే అయినా లేని మాట చెప్పకపోవడం మేలు.)

ఇక మనం గర్వపడే ఉర్దూ సంగతి. నేను ఉత్తరాదిలో మదర్సాలో చదివే రోజుల్లో మా తోటి విద్యార్థులు నా మాట విని కడుపుబ్బ నవ్వేవారు. మన 'నక్కో', మన 'హౌ' వారికి వినోదం. నేను 'బోల్కే' అన్నప్పుడల్లా ఒకడు లెక్కపెట్టేవాడు. 'వస్తాడని చెప్పాడు' అనే వాక్యంలోని 'అని'ని మన దక్కనీ వాళ్ళం 'బోల్కే'గా మార్చుకున్నాం. అంటే మన నోట పలికే ఉర్దూకు ఎముకలు కొన్ని తెలుగువే. ఆ నవ్వులు పడి వచ్చినవాణ్ణి, మరో మనిషి మీద అదే నవ్వు తెప్పించాను. నొప్పి తెలిసినవాడు ఇతరులను నొప్పించడంటారు గాని, అది అన్నివేళలా నిజం కాదు.

తెలుగు మన భాష కాదనేవారు చరిత్ర కాస్త తిరగేయాలి. గోల్కొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా (పాలన 1550–1580) తెలుగు కవులను ఆదరించాడు. ఆ కవులు ఆయనను 'మల్కిభరాముడు' అని తెలుగు చేసుకుని పిలుచుకున్నారు. సంస్కృతపు మాట చేరని తొలి అచ్చతెలుగు కావ్యంగా పేరొందిన పొన్నెగంటి తెలగన 'యయాతి చరిత్రము' అంకితమైంది పటాన్‌చెరువు అమీన్ ఖానుకు. పిఠాపురం మౌల్వీ ఉమర్ అలీషా (1885–1945) తెలుగు కవిగానే పేరు గడించారు. మరి తెలుగువారి నోట నలిగే రైతు, వకీలు, అర్జీ, ఫిర్యాదు, రాజీ ఎక్కడివి? ఇచ్చిపుచ్చుకోవడం అప్పటి నుంచీ ఉంది. లెక్క కట్టడమే మనం ఈమధ్య మొదలుపెట్టాం.

నాణేనికి రెండోవైపు కూడా చూడాలి. ఉర్దూ ఇళ్ళలో పెరిగే మన పిల్లలు ఇంట్లో 'ఆప్', 'జీ' అంటూ ముచ్చటగా మాట్లాడతారు. తెలుగు మాత్రం బజారులో, ఆటస్థలంలో నేర్చుకుంటారు. అక్కడ దొరికేది 'నువ్వు', 'రా', 'పో'. అదే తెలుగుతో పొరుగింటి పెద్దాయనను, బడిలో మాస్టారును పలకరిస్తారు. పిల్లవాడి మనసులో అమర్యాద లేదు. కాని వినేవాడికి మనసు కనబడదు, మాటే వినబడుతుంది. 'సాయిబుల పిల్లలకు పెద్దాచిన్నా లేదు' అనేస్తాడు. వెళ్ళేటప్పుడు 'పోతున్నా' అనకుండా 'వెళ్ళొస్తాను' అనాలని తెలుగు తల్లి తన బిడ్డకు నేర్పుతుంది. మన తల్లులు 'ఖుదా హాఫిజ్' నేర్పుతారు, మంచిదే. రెండోది కూడా నేర్పితే ఏం పోతుంది?

అన్నిటికంటే పెద్ద సమస్య శుక్రవారం బయాను. ఖుత్బా అరబీలో జరుగుతుంది. దానికి ముందు అరగంట ఉర్దూలో బయాను. అనేక ఊళ్ళలో ముందు వరుసలో కూర్చున్న తెలుగు సోదరులకు అందులో సగం అర్థం కాదు. తల ఊపుతారు. ఏళ్ళ తరబడి తల ఊపుతూనే ఉన్నారు. ప్రతి ప్రవక్తనూ తన జాతివారి భాషలోనే పంపామని, వారికి విడమరచి చెప్పడానికేనని అల్లాహ్ సెలవిచ్చాడు (14:4). వినేవాడికి అర్థమయ్యేట్టు చెప్పడం కంటే పెద్ద అదబ్ ఏముంటుంది?

'ఉర్దూ పోతే దీన్ పోతుంది' అని భయపడే పెద్దలున్నారు. వారి భయాన్ని నేను తేలికగా తీసుకోను. మన ఉలమాల గ్రంథాలు ఎక్కువగా ఉర్దూలోనే ఉన్నాయి. ఉర్దూ బడుల్లో పిల్లలు తగ్గుతుంటే బాధపడేవాళ్ళలో నేనూ ఒకణ్ణి, నా అన్నం ఆ భాషే పెట్టింది. కాని అవమానం వల్ల ఏ భాషా పెరగదు. మహాప్రవక్త (సల్లం) యూదుల లిపి నేర్చుకోమని హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను ఆదేశిస్తే ఆయన కొద్దిరోజుల్లోనే నేర్చుకున్నారు. మనం తరతరాలుగా బతుకుతున్న ఊరి భాషలో పది నిమిషాలు దీన్ చెప్పలేమా? కొన్ని మసీదుల్లో ఇప్పటికే తెలుగు బయానులు జరుగుతున్నాయి. తక్కిన మసీదుల కమిటీలు వచ్చే శుక్రవారమే ఆలోచించాలి.

ఆ పెద్దాయన దుకాణానికి నేను మూడు నెలల తర్వాత వెళ్ళాను. దుమ్ము దులిపి కుర్చీ వేశారు, "దయచేయండి" అన్నారు, టీకి కబురు పంపారు. కుర్రవాడు లోపల పరుపు కుడుతున్నాడు. నా తెలుగు అప్పట్లో అంతంతమాత్రం, దారిపొడవునా వల్లెవేసుకుంటూ వెళ్ళిన వాక్యం కాస్తా తడబడింది. నాకంటే పదిహేనేళ్ళు పెద్దవారిని పట్టుకుని, "నువ్వు నన్ను మాఫ్ చెయ్యాలి" అన్నాను.

ఆయన నవ్వలేదు. కొడుకును పిలిచి, మాస్టారుకు సలాం చెప్పమన్నారు.