భాష నేర్చుకునే ఏడాది ఎవరిది?

డిగ్రీ పూర్తయిన మగపిల్లవాడు ఒక ఏడాది ఇంట్లో ఉంటే ‘ప్రిపేర్ అవుతున్నాడు’ అంటాం. అదే ఆడపిల్ల ఉంటే ‘సంబంధాలు చూస్తున్నాం’ అంటాం. జర్మనీలో పై చదువులు చదవాలనుకునే అమ్మాయికి భాష నేర్చుకోవడానికి కావలసింది సరిగ్గా ఆ ఏడాదే. ఆ ఏడాది మీద హక్కు ఎవరిదన్న ప్రశ్నను స్త్రీల సంఘాలు తమ చర్చల్లోకి తీసుకోవాలని నా అభిప్రాయం.

జర్మనీ వైపు మన మధ్యతరగతి చూపు ఎందుకు మళ్ళిందో తెలిసిందే. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావరకు ట్యూషన్ ఫీజు తీసుకోవు. మినహాయింపులున్నాయి. బాడెన్-వుర్టెమ్‌బెర్గ్ రాష్ట్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు వసూలు చేస్తోంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2024 నుంచి ఫీజు మొదలుపెట్టింది. కొడుకును అమెరికా పంపడానికి పొలం తాకట్టు పెట్టే ఇళ్ళలోనే కూతురు అడిగితే పెళ్ళికి దాచిన డబ్బు కదపలేమంటారు. అలాంటి ఇంట్లో ఫీజు లేని చదువు అమ్మాయి వాదనకు ఒక ఆధారమైంది.

అయితే ఫీజు లేనంత మాత్రాన ఖర్చు లేకుండా పోదు. 2022 నవంబరు నుంచి విద్యార్థి వీసాకు ఏపీఎస్ ధ్రువపత్రం తప్పనిసరి చేశారు; దానికి 18,000 రూపాయలు. మొదటి ఏడాది జీవనవ్యయానికి బ్లాక్డ్ అకౌంటులో 2024 సెప్టెంబరు నుంచి 11,904 యూరోలు చూపించాలి. మన లెక్కలో పది లక్షల పైమాటే. అక్కడికి వెళ్ళాక నెలకు 992 యూరోల చొప్పున విడుదలవుతుంది. ఈ ఖాతా విద్యార్థి పేరుమీదే ఉంటుంది. మన ఇళ్ళలో ఆడపిల్ల కోసం లక్షలు కూడబెట్టడం కొత్త కాదు కానీ, అవి ఆమె పేరుమీద, ఆమె నెలనెలా ఖర్చు చేసుకునేట్టుగా ఉండడం మాత్రం కొత్తే. ఆ ఖాతా పాస్‌వర్డు తండ్రి దగ్గరో అన్న దగ్గరో కాక ఆమె దగ్గరే ఉందా అన్నది కూడా అడగవలసిన ప్రశ్నే.

ఇక భాష సంగతి. కన్సల్టెన్సీల వాళ్ళు చెప్పేది ఒకటే మాట: ‘కోర్సు ఇంగ్లీషులోనే కదా, జర్మన్ ఎందుకు?’ ఇంజనీరింగు మాస్టర్సు కోర్సులు ఇంగ్లీషులో చాలానే ఉన్న మాట నిజం. కానీ సమాజశాస్త్రం, చరిత్ర, సామాజిక సేవ వంటివి చదవాలంటే ఎక్కువ చోట్ల జర్మన్ తప్పదు. డి.ఎస్.హెచ్. పరీక్షలో రెండో స్థాయో, టెస్ట్‌డాఫ్ పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ నాలుగో స్థాయో సాధారణంగా అడుగుతారు. యూరోపియన్ కొలమానం ఏ1తో మొదలై సి2తో ముగుస్తుంది. గోథే ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారం బి2 చేరడానికి 45 నిమిషాల పాఠాలు 600 నుంచి 800 వరకు, సి1కి 800 నుంచి 1,000 వరకు కావాలి. ఇంటిపనీ, తమ్ముడి చదువూ, చుట్టాల రాకపోకలూ చూసుకుంటూ తీరిక దొరికినప్పుడు చదివితే అయ్యేది కాదిది. రోజూ కొన్ని గంటలు తలుపు వేసుకుని కూర్చునే హక్కు ఆమెకుండాలి.

కోర్సు ఇంగ్లీషులో ఉన్నా జర్మన్ నేర్చుకోవాలనే నేనంటాను. తరగతి గది బయట బతుకంతా జర్మన్‌లోనే నడుస్తుంది. అద్దె ఒప్పందం, పార్ట్‌టైం పని ఒప్పందం, విదేశీయుల కార్యాలయం నుంచి వచ్చే ఉత్తరం, స్త్రీవైద్యురాలి దగ్గర చెప్పుకోవలసిన బాధ, అన్నీ ఆ భాషలోనే. 2024 మార్చి నుంచి విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు పని చెయ్యవచ్చు. 2018 నుంచి ప్రసూతి రక్షణ చట్టం విద్యార్థినులకూ వర్తిస్తోంది. ఇలాంటి హక్కులు కాగితం మీద ఎన్ని ఉన్నా, చదవడం రానివాళ్ళకు అవి ఇంకొకరి దయవల్లే అందుతాయి. ఆ ఇంకొకరు సాధారణంగా ముందుగా వెళ్ళిన మగవాడే అవుతాడు.

ఇదే జర్మన్‌ను ఇంకో దారిలో నేర్చుకుంటున్న స్త్రీలూ ఉన్నారు. భర్త దగ్గరికి వెళ్ళే వీసా కోసం ఏ1 పరీక్ష పాసవ్వాలన్న నిబంధన 2007లో వచ్చింది. బ్లూ కార్డు వంటి అనుమతులున్నవారి భార్యలకు మినహాయింపు ఉంది కానీ, అందరికీ లేదు. ఏ1 అంటే పేరు, ఊరు చెప్పుకోవడం, రొట్టె కొనుక్కోవడం. ‘నేను ఫలానావారి భార్యను’ అని చెప్పడానికి అది చాలు. ‘ఈయన నన్ను కొడుతున్నాడు’ అని పోలీసులకు వివరించడానికి చాలదు. భర్తను బట్టి వచ్చిన నివాస అనుమతి స్వతంత్రంగా ఆమెకు దక్కాలంటే మామూలుగా మూడేళ్ళు అక్కడ కాపురం చేసి ఉండాలి. గృహహింస వంటి తీవ్ర సందర్భాల్లో ఆ గడువు అక్కర్లేదని చట్టమే చెబుతోంది. హింసకు గురయ్యే స్త్రీల కోసం 116 016 అనే ఉచిత నంబరు 24 గంటలూ, చాలా భాషల్లో పనిచేస్తుంది. ఈ రెండు విషయాలూ ఏ1 తరగతిలో మొదటి వారమే చెప్పాలి. చదువు కోసం వెళ్ళే అమ్మాయికి తన అనుమతి తన పేరుమీదే ఉంటుంది. రెండు దారులకీ ఉన్న తేడా ఇది. సంబంధం మాట్లాడేటప్పుడు ‘ఎలాగూ జర్మనీయే కదా’ అనేవాళ్ళు ఈ తేడాను కప్పిపుచ్చుతారు.

భాష నేర్చుకుంటే మన భాష కూడా కొత్తగా కనిపిస్తుంది. జర్మన్‌లో ‘అమ్మాయి’ అనే మాట నపుంసకలింగమని తెలిసి మన పిల్లలు నవ్వుతారు. తెలుగులో అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సూ వచ్చింది. నాన్న ఒక్కడే వచ్చాడు. అక్కడ పెద్దవాళ్ళిద్దరి మధ్య ‘మీరు’ అయినా ‘నువ్వు’ అయినా ఇద్దరికీ ఒకటే. భార్య ‘మీరు’ అనడం, భర్త ‘నువ్వు’ అనడం మనకెంత సహజమైపోయిందో ఆ పాఠం దగ్గర ఆగి ఆలోచించవచ్చు.

అలాగని జర్మనీ స్త్రీలకు స్వర్గమేమీ కాదు. ప్రష్యా విశ్వవిద్యాలయాలు స్త్రీలను విద్యార్థులుగా చేర్చుకున్నది 1908లో. పశ్చిమ జర్మనీలో భార్య ఉద్యోగం సంసార బాధ్యతలకు అడ్డురాకూడదన్న చట్టం 1977 దాకా ఉంది. వివాహంలో బలాత్కారాన్ని నేరంగా గుర్తించింది 1997లో. మన భారతీయ న్యాయ సంహిత 2023లో కూడా ఆ పని చెయ్యలేదనుకోండి. అక్కడి స్త్రీలు పోరాడి తెచ్చుకున్నవే అవన్నీ.

1920ల చివర ఇరావతీ కర్వే బెర్లిన్ వెళ్ళి మానవశాస్త్రంలో డాక్టరేటు చేసింది. స్త్రీల విశ్వవిద్యాలయం స్థాపించిన మామగారు ధోండో కేశవ్ కర్వేకే కోడలి ప్రయాణం ఇష్టం లేదు. భర్త దినకర్ అండగా నిలిచాడు. పుర్రెల ఆకారానికీ జాతికీ సంబంధముందన్న తన గురువు యూజెన్ ఫిషర్ ఊహకు ఆధారం దొరకలేదని ఆమె తన పరిశోధనలో తేల్చింది. ఇంటి సంస్కర్తనూ, బయటి పండితుణ్ణీ ఒప్పుకోకుండా ఉండగలగడమే ఆ చదువు ఆమెకిచ్చిన బలం. కానీ ఆమెకు వెనక ఒక పలుకుబడిగల కుటుంబం ఉంది. దళిత, బహుజన, ముస్లిం కుటుంబాల నుంచి మొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన అమ్మాయికి ఆ అండ ప్రభుత్వమే ఇవ్వాలి.

ఇస్తోందా? తెలంగాణలో అంబేడ్కర్, ఫూలేల పేర్లతో ఉన్న విదేశీ విద్యానిధి పథకాలు 20 లక్షల రూపాయల వరకు సాయం చేస్తాయి. కానీ అవి ప్రవేశం దొరికినవారికే. భాష నేర్చుకునే ఏడాదికి అందులో చోటు లేదు. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పులో 30 శాతం స్త్రీలకు కేటాయించారు. కానీ 2022లో భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజాల మీద పరిశోధనను అందులోంచి తీసేశారు. తన కులం గురించి, తన వాడలో స్త్రీల గురించి పరిశోధించాలనుకునే అమ్మాయికే ఆ తలుపు మూసేశారన్నమాట.

కాబట్టి మనం అడగవలసినవి ఇవి. ప్రభుత్వ మహిళా కళాశాలల్లో డిగ్రీ మొదటి ఏడాది నుంచే, పగటిపూట, ఫీజు లేకుండా జర్మన్ తరగతులు పెట్టాలి. సాయంత్రం ఆరు దాటాక నగరం నడిబొడ్డున జరిగే క్లాసుకు జిల్లాల అమ్మాయిలు రాలేరు. డిగ్రీ తర్వాత భాష నేర్చుకునే ఏడాదికి హాస్టలు వసతి, పరీక్ష ఫీజు, ఏపీఎస్ ఖర్చు విద్యానిధుల్లోనే చేర్చాలి. స్కాలర్‌షిప్పు నుంచి తీసేసిన విషయాలను తిరిగి చేర్చాలి. ఇక ఇళ్ళలో అడగవలసింది ఒక్కటే: బి2 పరీక్ష రాసేదాకా పెళ్ళిచూపులు పెట్టకండి. కొడుకు విషయంలో మీరు ఎవరూ చెప్పకుండానే చేస్తున్న పని అది.